మంచినీటి నత్తలు, ఆల్చిప్పలు: వాటి పరిరక్షణ స్థితి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు తూర్పు శివారు చెరువుల వెంట ఆదివారం ఉదయాలు నడిచే మా చిన్న తెలుగు బృందంలోకి కొత్తవారు వచ్చిన ప్రతిసారీ ఇంచుమించు ఇవే సందేహాలు వస్తుంటాయి. పక్షి గురించి అడిగితే జవాబు చెప్పడానికి పదిమంది ముందుకొస్తారు. గట్టు కింద బురదలో పడి ఉన్న ఆల్చిప్ప గురించి అడిగితే అందరూ నా వైపు చూస్తారు. చెప్పిందే ఫోనులో మళ్లీ మళ్లీ టైపు చేయడం విసుగనిపించి, జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఎవరికి ఏ ప్రశ్న కావాలో నేరుగా దానికే వెళ్లవచ్చు.

## మొదటి నడకలో

మంచినీటి మొలస్కులంటే ఏవి? మన ఊళ్లో చూసిన నత్తగుల్లలేనా?

అవును, అవే. చుట్టలు తిరిగిన ఒకే గుల్ల మోసేవి నత్తలు. రెండు చిప్పలు మడత బందులా కలిసి ఉండేవి ఆల్చిప్పలు. ప్రపంచం మొత్తం మీద శాస్త్రజ్ఞులు వర్ణించిన మంచినీటి నత్తలు దాదాపు 4,000 జాతులు, రెండు చిప్పల జీవులు దాదాపు 1,200 జాతులు. ఆక్టోపస్‌లు కూడా మొలస్కా వర్గానివే అయినా వాటిలో మంచినీటిలో బతికే జాతి ఒక్కటీ లేదు. కోస్తా ఇళ్లలో పెరిగినవారికి ఆల్చిప్పను వేరే పరిచయం చేయనక్కరలేదు. మా అమ్మమ్మ చిప్ప వీపును గచ్చు మీద అరగదీసి, అక్కడ సన్నని చీలిక పడగానే దాని అంచుతో మాగాయ కాయలకు చెక్కు తీసేది. పీలర్లు వచ్చాక కూడా ఆ చిప్పనే వాడింది. ఆ చిప్ప లామెల్లిడెన్స్ ప్రజాతికి చెందినదని, బెంగళూరు చెరువుల్లో ఉండేది కూడా ఆ కుటుంబమేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నత్తలు మురుగుకాలువలో కూడా కనిపిస్తున్నాయి. అంతరించిపోతున్నాయంటే ఎలా నమ్మాలి?

మనకు తరచుగా కనిపించేవి దేన్నైనా తట్టుకునే కొద్ది జాతులు మాత్రమే. మురుగులో గుంపులుగా పాకే చిన్న ఫైసా అక్యూటా అసలు మన దేశపు నత్త కాదు, ఉత్తర అమెరికా నుంచి ప్రపంచమంతా పాకింది. పొడవైన శంకువులా ఉండే మెలనాయిడిస్ ట్యూబర్‌క్యులేటాలో ఆడనత్త మగతోడు లేకుండానే పిల్లలు పెట్టగలదు కాబట్టి, ఒక్క నత్త చేరినా చాలు, చెరువు నిండుతుంది. ప్రమాదంలో ఉన్న జాతుల తీరు దీనికి పూర్తిగా భిన్నం: ఒకటి ఒకే నదిలోని కొన్ని కిలోమీటర్ల రాతి మడుగుల్లో, మరొకటి ఒకే ఊటలో, ఇంకొకటి ఒకే జలపాతపు బండ మీద బతుకుతుంది. ఆ ఒక్కచోటు పాడైతే దానికి వెళ్లే చోటు ఉండదు. అందుచేత కాలువలోని నత్తల గుంపును చూసి మొత్తం వర్గం క్షేమంగా ఉందనుకోవడం, కాకులను చూసి పక్షులన్నీ బాగున్నాయనుకోవడం లాంటిదే.

వీటివల్ల ఉపయోగమేమిటి?

ఏనుగు గురించి ఈ ప్రశ్న ఎవరూ అడగరు, నత్త గురించి మాత్రం అందరూ అడుగుతారు. ఆల్చిప్ప నీటిని లోపలికి పీల్చి, అందులోని నాచు రేణువులను, సూక్ష్మజీవులను వడగట్టుకుని, తేటనీటిని బయటకు వదులుతుంది. నత్తలు రాళ్ల మీది పాచిని గీరి తింటాయి. ఇక నత్తగుల్లకొంగ పేరులోనే సంగతంతా ఉంది: మూసినా మధ్యలో సందు మిగిలే దాని ముక్కుతో అది ముఖ్యంగా మన చెరువుల్లోని పెద్ద గుండ్రటి పైలా నత్తలనే పట్టి తింటుంది కాబట్టి, నత్త లేని చెరువులో ఆ కొంగ నిలవదు.

## జాబితాలు చదవడం మొదలుపెట్టాక

ప్రపంచంలో ఎన్ని జాతులు ప్రమాదంలో ఉన్నాయి? ఒక్క అంకె చెప్పండి.

దాదాపు మూడో వంతు. ఈ అంకె ఎలా వచ్చిందో తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. ఉన్న వేల జాతులన్నింటినీ మదింపు చేయడానికి మనుషులు చాలరు కాబట్టి, పరిశోధకులు 1,428 జాతులను యాదృచ్ఛికంగా ఎంచుకుని, అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, వాటి స్థితిని ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) పద్ధతిలో పరిశీలించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తర అమెరికా, ఐరోపాతో కూడిన ఉత్తర ఆసియా మండలం, ఆస్ట్రేలియా ప్రాంతం ఎక్కువ ప్రమాదం ఉన్నచోట్లుగా తేలాయి. ఆల్చిప్పల కన్నా నత్తలకు, చెరువుల వంటి నిలవనీటి జాతుల కన్నా పారే నీటి జాతులకు ముప్పు ఎక్కువని కూడా తేలింది. కాలుష్యం, ఆనకట్టలు, నీటిని తోడేయడం ప్రధాన కారణాలుగా నిలిచాయి. ప్రాంతాలవారీగా చూస్తే పరిస్థితి ఇంకా గడ్డుగా ఉంది. 2011 ఐరోపా జాబితా ప్రకారం అక్కడి మంచినీటి మొలస్కుల్లో 44 శాతం ప్రమాదపు తరగతుల్లో ఉన్నాయి. ఉత్తర అమెరికాలోని దాదాపు 300 ఆల్చిప్ప జాతుల్లో సుమారు 70 శాతం ఏదో ఒక స్థాయి ముప్పులో ఉన్నాయని 1993లోనే లెక్క తేలింది.

పత్రికలో మంచినీటి జంతువుల్లో 24 శాతానికి ముప్పు అని చదివాను. మీరు మూడో వంతు అంటున్నారేమిటి?

రెండు లెక్కలూ సరైనవే, కానీ రెండూ వేరు. 2025 జనవరిలో వెలువడిన ఆ అధ్యయనం చేపలు, తూనీగలు, పీతలు రొయ్యల వంటి పదికాళ్ల జీవులు కలిపి 23,496 జాతులను పరిశీలించింది. అందులో మొలస్కులు లేవు. అన్ని జాతులకూ మదింపు పూర్తయిన వర్గాలనే తీసుకోవడంతో నత్తలు, ఆల్చిప్పలు పక్కన ఉండిపోయాయి. శీర్షికలో మంచినీటి జంతువులని రాసి లోపల నత్తలు లేకపోవడం నాకైతే కొంచెం బాధగానే అనిపించింది.

ముప్పు పెరిగే వరుసలో వల్నరబుల్, ఎన్‌డేంజర్డ్, క్రిటికల్ అని ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తారు?

జాతుల ముప్పు స్థాయిలను నమోదు చేసే రెడ్ లిస్ట్‌ను 1964 నుంచి నిర్వహిస్తున్న ఐయూసీఎన్ తరఫున, ఆ జీవులను చదివిన నిపుణులు మదింపు రాస్తే మరికొందరు దాన్ని పరీక్షిస్తారు. కొలమానాలు ఐదున్నాయి. నత్తల విషయంలో ఎక్కువగా పనికొచ్చేది వ్యాప్తి కొలమానం: జాతి దొరికే చోట్లన్నింటినీ చుట్టి గీత గీస్తే లోపలి విస్తీర్ణం 20,000 చదరపు కిలోమీటర్ల లోపైతే వల్నరబుల్, 5,000 లోపైతే ఎన్‌డేంజర్డ్, 100 లోపైతే క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్. విస్తీర్ణం చిన్నదైనంత మాత్రాన సరిపోదు. ఆవాసం ముక్కలవడం, తరిగిపోవడం వంటి లక్షణాలు కూడా కనబడాలి. రెండో కొలమానం సంఖ్య తగ్గుదల: పదేళ్లలో లేదా మూడు తరాల్లో, రెండింటిలో ఏది ఎక్కువైతే అంత కాలంలో, సాధారణంగా 30 శాతం తగ్గితే వల్నరబుల్, 50 శాతమైతే ఎన్‌డేంజర్డ్, 80 శాతమైతే క్రిటికల్. ఐరోపా ముత్యపు ఆల్చిప్ప నూరేళ్లకు పైగా బతుకుతుంది కాబట్టి, దాని విషయంలో మూడు తరాల లెక్క తేల్చాలంటే మన ముత్తాతల కాలపు రికార్డులు తిరగేయాలి.

డేటా డెఫిషియెంట్ అని ఉంటే ప్రమాదం లేనట్టే కదా?

కాదు. ఏ తరగతిలో వేయాలో చెప్పడానికి సమాచారం చాలలేదని మాత్రమే ఆ మాటకు అర్థం. మన దేశపు చిన్న నత్తల్లో కొన్నింటి గురించి మిగిలిన ఆధారమంతా నూరేళ్ల కిందట ఎవరో సేకరించి మ్యూజియం డబ్బాలో పెట్టిన గుల్లలు, వాటి చీటీ మీది ఒక ఊరి పేరు మాత్రమే.

ఇప్పటికే పూర్తిగా పోయినవి ఎన్ని?

2004లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, 1500వ సంవత్సరం తరువాత అంతరించినట్టు నమోదైన 693 జంతుజాతుల్లో 42 శాతం మొలస్కులే. వాటిలో దీవుల నేల నత్తలు కూడా ఎక్కువగానే ఉన్నాయి. మంచినీటి వరకు వస్తే, అందరూ చెప్పే పేరు అమెరికాలోని అలబామా రాష్ట్రపు కూసా నది. 1914 నుంచి 1967 వరకు దాని మీద వరుసగా ఆనకట్టలు కట్టడంతో రాతి పరవళ్లన్నీ లోతైన జలాశయాల్లో మునిగి, వాటిని నమ్ముకున్న ముప్పైకి పైగా నత్త జాతులు మాయమయ్యాయి. 2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం అంతరించాయని రక్షిత జాబితా నుంచి తొలగించిన 21 జాతుల్లో 8 ఆల్చిప్పలు. అయితే పోయిందని రాసినది తిరిగి దొరకడం కూడా జరుగుతుంది. అదే రాష్ట్రంలోని కహాబా నదికి చెందిన లెప్టాక్సిస్ కంపాక్టా అనే నత్తను 2000లో అంతరించినట్టు ప్రకటించారు. 2011లో ఒక పరిశోధక విద్యార్థి ఆ నదిలోనే దాన్ని సజీవంగా చూశాడు.

## కారణాలు అడిగేవారికి

ఆల్చిప్ప నీళ్లలోనే ఉంటుంది, ఆనకట్ట వెనక నీళ్లే నీళ్లు. మరి నష్టమేమిటి?

ఆల్చిప్పకు నీళ్లు ఒక్కటే చాలవు, చేప కావాలి. నదీ ఆల్చిప్పల్లో చాలా వాటి పిల్లలు గ్లోకిడియా అనే సూక్ష్మమైన రూపంలో పుట్టి, చేప మొప్పలకో రెక్కలకో కొన్ని రోజులో వారాలో అతుక్కుని ఉండి, రూపం మారాక నదీగర్భంలోకి రాలిపడతాయి. నడవలేని తల్లికి పిల్లలను ఎగువకు పంపే బండి ఆ చేపే. అమెరికాలోని లాంప్సిలిస్ ఆల్చిప్ప చేసే పని చూస్తే నవ్వొస్తుంది: చిప్ప అంచున ఉన్న మాంసపు పొరను కన్ను, తోక సహా చిన్న చేపలా ఆడిస్తుంది, పెద్ద చేప ఆశపడి నోరు పెట్టగానే దాని మొహం మీదికి గ్లోకిడియాను చిమ్ముతుంది. ఐరోపా ముత్యపు ఆల్చిప్ప పిల్లలకు సాల్మన్, ట్రౌట్ చేపలు తప్ప వేరేవి పనికిరావు. ఆనకట్ట ఆ చేపను ఆపితే ఆల్చిప్ప వంశం కూడా అక్కడితో ఆగుతుంది. చేప దొరికినా, రాలిపడిన పిల్లకు కింద గాలి ఆడే శుభ్రమైన ఇసుక, గులకరాళ్లు కావాలి. ఆనకట్ట వెనక పేరుకునేది మెత్తని ఒండ్రు. అమెరికాలో టెన్నెసీ నదిలోని మజిల్ షోల్స్ దగ్గర ఒకప్పుడు దాదాపు 70 జాతులు ఉండేవి. 1924లో అక్కడ విల్సన్ ఆనకట్ట పూర్తయ్యాక వాటిలో చాలా జాతులు కనబడకుండా పోయాయి.

ఇందులో మోసపోయే అంశం ఒకటుంది. పెద్ద ఆల్చిప్పలు వెంటనే చావవు. పిల్లలు పుట్టడం ఆగిపోయిన తరువాత కూడా దశాబ్దాలపాటు నదిలో అలాగే ఉంటాయి. లెక్కకు వెళ్లినవారికి వేల సంఖ్యలో కనబడతాయి, కానీ అన్నీ ముసలివే. ఐరోపాలో ఇలాంటి ముసలి గుంపులున్న నదులు చాలా ఉన్నాయి.

మనుషులు ఏరుకుని తినడం వల్ల తగ్గిపోయాయా?

గోదావరి జిల్లాల్లో వానాకాలం నత్తల కూర వండుకునేవారి మీద నేరం మోపడం సరికాదు. వారు ఏరేవి త్వరగా పెరిగే సామాన్య జాతులు. పెద్ద ఎత్తున వ్యాపారం మొదలైనప్పుడు మాత్రం కథ మారుతుంది. జర్మనీ నుంచి వచ్చిన జాన్ బెపుల్ అనే పనివాడు అమెరికాలోని మస్కటీన్ పట్టణంలో 1891లో ఆల్చిప్పలతో చొక్కా బొత్తాలు కోయడం మొదలుపెడితే, 1905 నాటికి ఆ ఒక్క పట్టణమే ఏడాదికి 150 కోట్ల బొత్తాలు చేసే స్థితికి వచ్చింది. మిసిసిపీ నది గర్భాన్ని కొక్కేలతో గీకి గీకి చిప్పలు తోడారు. ప్లాస్టిక్ బొత్తాలు వచ్చి ఆ పరిశ్రమను మూసేశాయి. ఆ తరువాత జపాన్ ముత్యాల పెంపకంలో లోపల పెట్టే గింజ కోసం మళ్లీ అవే చిప్పలు ఓడలెక్కాయి.

మన దగ్గర మంచినీటి ముత్యాల పెంపకానికి శిక్షణలు ఊపందుకున్నాయి కాబట్టి ఒక మాట: ఆ పెంపకానికి కావలసిన ఆల్చిప్పలను తరచుగా చెరువుల నుంచి, కాలువల నుంచే ఏరి తెస్తారు. లాభం లెక్క చెప్పేవారిని, ఏరిన చెరువులో ఏం మిగిలిందని కూడా అడగాలి.

అక్వేరియం నత్తలు ఎక్కువైపోయాయి. చెరువులో వదిలేయవచ్చా?

వద్దు. 1988లో అమెరికా, కెనడాల సరిహద్దులోని సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడిన జీబ్రా ఆల్చిప్ప, స్థానిక ఆల్చిప్పల ఒంటి మీదే గుత్తులుగా అతుక్కుని వాటికి ఊపిరాడకుండా చేసింది. దక్షిణ అమెరికా పొమేసియా నత్త 1980 ప్రాంతంలో తినడానికని తైవాన్‌కు తెస్తే ఆసియా వరిచేలకు శత్రువైంది. చెరువు గట్టు రాయి మీద, నీటి పైన, ముదురు గులాబీ రంగు గుడ్ల గుత్తి కనబడితే ఫొటో తీసి చోటుతో సహా నమోదు చేయండి. మన పైలా నత్త గుడ్లు తెల్లగా ఉంటాయి, గట్టు తడిమట్టి గుంతలో పెడుతుంది.

## మన చుట్టుపక్కల

బెంగళూరు చెరువుల్లో అరుదైన జాతులు ఏమైనా ఉన్నాయా?

ఇక్కడి చెరువులు వాగులకు అడ్డుకట్ట వేసి మనుషులు తవ్వుకున్నవి, కాబట్టి ఉండేవి ఎక్కువగా నిలవనీటికి అలవాటుపడిన విస్తృత జాతులే. అరుదైనవి పడమర వైపు, కనుమల్లో ఉన్నాయి. 2011లో ప్రచురితమైన పడమటి కనుమల మదింపులో 77 మొలస్కు జాతులను పరిశీలించారు. వాటిలో నాకు ఇష్టమైనది సూడోముల్లేరియా డాలీ. ఇది 1898లో భద్ర నది నుంచి వర్ణితమైంది, తుంగలో కూడా దొరికింది. ఒక చిప్పను నదిలోని బండకు సిమెంటు వేసినట్టు అతికించుకుని జీవితాంతం అక్కడే ఉంటుంది. ఇలా రాతికి అతుక్కునే మంచినీటి చిప్పలు ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో ఉన్నాయి గాని మన దేశంలో దీనికి జోడీ లేదు. రెడ్ లిస్ట్‌లో ఎన్‌డేంజర్డ్. కర్నూలు దాకా వచ్చే తుంగభద్ర నీళ్లు ఈ జీవి బండల మీదుగానే వస్తాయి.

రెండోది క్రెమ్నోకాంకస్ నత్తలు. వీటి కుటుంబమంతా సముద్రపు ఒడ్డు రాళ్ల మీద ఉంటే, ఇవి మాత్రం వందల మీటర్ల ఎత్తున కనుమల జలపాతాల తుంపర తగిలే బండల మీద బతుకుతాయి. మొదట మహారాష్ట్ర వైపే ఉన్నాయనుకున్నారు. 2013లో కర్ణాటకలోని ఆగుంబె పరిసరాల నుంచి కూడా కొత్త జాతులు వర్ణితమయ్యాయి.

చట్టం రక్షణ ఉందా?

చాలా తక్కువ. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో 2001లో చేర్చిన మొలస్కులు సముద్రపు శంఖాలు, గవ్వలు, పెద్ద చిప్పలే. అభయారణ్యం లోపల ఉన్న జాతికి ఆ అడవి హద్దు వల్ల రక్షణ దొరుకుతుంది, అక్కడ గుల్ల సేకరించాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి.

## లెక్కపెట్టడం మొదలుపెట్టాక

గట్టు మీద ఖాళీ చిప్పలు కుప్పలుగా ఉన్నాయి. అంటే చెరువు బాగున్నట్టే కదా?

ఖాళీ చిప్ప గతాన్ని మాత్రమే చెబుతుంది. కొన్నేళ్ల కిందట మా ఇంటికి దగ్గరలోని ఒక చెరువులో పూడిక తీశారు. వేసవిలో నీరు వదిలేసి, జేసీబీలతో బురదంతా ఎత్తి గట్టు బయట పోశారు. నీరు తగ్గినప్పుడు ఆల్చిప్పలు, పైలా నత్తలు బురదలోకి దిగి, మూత బిగించుకుని వాన కోసం కాచుకుంటాయి. అవన్నీ ఆ బురదతోనే లారీలెక్కాయి. మరుసటి ఆదివారం మేము ఆ కుప్పలో ఒక చదరపు మీటరు కొలిచి, చేత్తో మట్టి విడదీసి, చిప్పలన్నీ పాత దినపత్రిక మీద పొడవు ప్రకారం వరుసగా పేర్చాం. అరచేతి పొడవువి వరుసలు వరుసలుగా వచ్చాయి. బొటనవేలి గోరంత పిల్ల ఒక్కటి కూడా లేదు. పూడికతీత వాటిని చంపిన మాట నిజమే, కానీ అంతకు ముందు నుంచే ఆ చెరువులో పిల్లలు నిలవడం లేదని ఆ పత్రిక మీది వరుస చెప్పింది. అందుచేత ఎన్ని దొరికాయన్న అంకెతో ఆగకుండా, ఎంత చిన్నవి దొరికాయో తప్పకుండా రాయండి.

ఆ జాతి రెడ్ లిస్ట్‌లో లీస్ట్ కన్సర్న్ (ముప్పు తక్కువ) అని ఉంది. మా చెరువులో మాత్రం పోయింది. ఏది నిజం?

రెండూ నిజమే. లామెల్లిడెన్స్ మార్జినాలిస్ భారతదేశమంతటా, చుట్టుపక్కల దేశాల్లోనూ ఉంది కాబట్టి జాతిగా దానికి లీస్ట్ కన్సర్న్ సరైన తరగతే. ఆ తరగతి మీ చెరువుకు ఇచ్చిన ధ్రువపత్రం కాదు. పైగా మదింపు చేసినవారి చేతిలో ఉన్నది ఫలానా చోట దొరికిందన్న సమాచారం. అక్కడ పిల్లలు ఉన్నాయా అన్న సంగతి చాలాసార్లు ఉండదు.

బతికి ఉన్నదాన్ని చేత్తో తీయవచ్చా?

కొలత కోసమైతే కొద్ది నిమిషాలు తీయవచ్చు, నీడలో, తడిగుడ్డ మీద. బతికిన ఆల్చిప్ప తాకగానే గట్టిగా మూసుకుంటుంది. వదులుగా తెరుచుకుని ఉండి వాసన వస్తుంటే చనిపోయినట్టే. వెర్నియర్‌తో పొడవు కొలిచి, తీసిన చోటే, బురదలో సగం దిగి ఉన్న భంగిమలోనే తిరిగి నాటండి. ఒడ్డు నుంచి విసరకండి.

పేరు కనుక్కోవడం ఎలా?

నత్తకు మూతి వైపు, వీపు వైపు, ఆల్చిప్పకు లోపల, బయట, మడత దగ్గరి పళ్లు కనబడేలా, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే ప్రజాతి వరకు తరచుగా తేలుతుంది. జాతి తేల్చడానికి భారత జంతు సర్వేక్షణ సంస్థ 1989లో ప్రచురించిన ఎన్.వి.సుబ్బారావు గారి చేతిపుస్తకం ఇప్పటికీ అక్కరకొస్తుంది, అయితే కొన్ని పేర్లు ఆ తరువాత మారాయని గుర్తుంచుకోవాలి.

చెరువు బాగుచేస్తామని వచ్చినప్పుడు మేము ఏం అడగాలి?

మూడు అడగండి. పూడిక ఒకేసారి మొత్తం తీయకుండా కొంత భాగాన్ని మరుసటి ఏడాదికి వదలమనండి. చుట్టూ నిటారు రాతిగోడ కాకుండా, ఒకవైపైనా వాలుగా ఉండే మట్టి ఒడ్డు ఉంచమనండి, పైలా గుడ్లు పెట్టేది అక్కడే. బురదను లారీకి ఎత్తే ముందు ఒక్క ఉదయం మాకు ఇవ్వమనండి. మూడోదానికి మాకు రెండుచోట్ల అనుమతి దొరికింది, మొదటి రెండింటికి ఇంకా తిరుగుతున్నాం.

వేరే చెరువు నుంచి ఆల్చిప్పలు తెచ్చి వదిలితే సరిపోదా?

తొందరపడవద్దు. అవి పోవడానికి కారణమైన మురుగు ఇంకా వస్తుంటే తెచ్చినవి కూడా పోతాయి. జబ్బులు, పరాయి జాతులు వెంట రావచ్చు. అమెరికాలోని క్లించ్ నదిలో 2016 నుంచి ఆల్చిప్పలు పెద్ద సంఖ్యలో చనిపోతుంటే, వాటిలో అంతకు ముందు తెలియని వైరస్‌లు దొరికాయి. ఆల్చిప్ప పిల్లలకు చేప కావాలి కాబట్టి, ముందుగా చెరువులో స్థానిక చేపలు ఏవి ఉన్నాయో వల వేసేవారిని అడిగి రాసుకోండి. మా చెరువులో అడిగినప్పుడు, ఇప్పుడు వలలో పడేవి పరాయి చేపలైన తిలాపియా, ఆఫ్రికా మార్పు చేప (క్యాట్‌ఫిష్) మాత్రమేనని చెప్పారు.